మసకలో మర్మం

నాలుగు పాచికలు నావి.
చిన్నవి, ఆరు ముఖాలవి.
బ్రాడీపేట నాలుగో లైన్లో, బైండింగ్ షాపు మీది గదిలో
గుప్పిట్లో పట్టి గలగలలాడిస్తున్నాను.
ఏడో లెవెల్ దొంగని నేను, పేరు చీమదొర.
వెనకనించి వస్తాను, చెప్పి రాను.
పక్కటెముకల మధ్య సందు ఎక్కడుందో
నా బాకుకి కంఠతా వచ్చు.

"ఆగు సబీరా" అన్నాడు ఇమ్మానుయేలు
క్యాలెండరు అట్ట వెనకనించి.

పగలు కోల్డ్ స్టోరేజీలో పద్దులు రాస్తాడు.
అందుకే అతని ఆటలో ఏ రాక్షసుడి గుహకెళ్ళినా
చివరికి మిరపకాయల వాసనే.
ఈ రాత్రి గోదాం. గోళ్ళతో బస్తాలు చీరేశాడు రాక్షసుడు.
ఎర్రటి ధూళి లేచి
వాడూ ధూళీ ఒకటైపోయారు.

"పద్దెనిమిది వేశావు, ఒప్పుకున్నా.
దుమ్ములో గురి తప్పే వంతు నూటికి ఇరవై, అదీ దాటావు.
దెబ్బ తగిలింది. బాకుకి మూడు రాసుకో.
ఆ నాలుగూ మాత్రం కింద పెట్టు."

"తగిలిందన్నావుగా!"

"తగిలింది.
ఎక్కడ తగిలిందో నీకు తెలీదుగా."

పరంధాములు గారు తన చేత్తో కుట్టిన జిరాక్సు పుస్తకం తీసి
కళ్ళజోడు నుదుటికెక్కించి
ఆ పేరా వేలితో చూపించారు.
ఉంది. మసక కమ్మిన ఒంట్లో మర్మం దొరకదని
నల్లగా, స్పష్టంగా ఉంది.
గొడ్డలి పట్టిన రత్నబాబుకి ఏ పేరా అడ్డం రాదు.
దుమ్మయినా వెన్నెలయినా వాడికొకటే,
తగిలితే తగిలినంతా నరుకుడే.
చూసి కొట్టేవాళ్ళకే ఈ జరిమానా.

ఒళ్ళు మండింది నాకు.
"నీ గుమాస్తా బుద్ధి ఆటలోకీ తెచ్చావా" అన్నాను.
అట్ట వెనక చప్పుడు లేదు.
ఆ మాట అతనికి తగిలే ఉంటుంది.
ఎక్కడో కనపడలేదు.

పొద్దున పెద్దాసుపత్రిలో
నెత్తురు తీయడానికి ఒక ముసలామె చెయ్యి పట్టుకున్నాను.
మూడు రోజుల వాంతులు. ఉబ్బిన చర్మం కింద నరాలన్నీ
ఎక్కడికో వెళ్ళి దాక్కున్నాయి.
సూది గుచ్చాను. గుచ్చుకుంది.
చెయ్యి ఎదురుగానే ఉంది కదా, గుచ్చుకోక ఏం చేస్తుంది!
గొట్టంలోకి చుక్క రాలేదు.
ఇంకోసారి. ఇంకోచోట.
మూడో సూది విప్పుతుంటే ఆమె అంది,
నీరసంగా, నవ్వుతున్నట్టే:
"కనపడకపోతే తడుముకో తల్లీ.
పొడవమాక."

కళ్ళు మూసుకుని వేలి కొసతో వెతికాను.
మోచేతి మడత లోపల, నేననుకున్న చోటు కాదు,
మెత్తగా ఏదో ఎదురు తన్నింది.

రాక్షసుడి వంతు.
అట్ట వెనక పాచిక దొర్లి ఆగింది.
"ఏడు. నీకు తగల్లేదు, తప్పుకున్నావు."

నా వంతొచ్చింది.
నాలుగు పాచికలూ బల్ల మీద పెట్టేశాను.
"పొడవను. గోడ తడుముకుంటూ పోయి
వెనక తలుపు గడియ తీస్తా. గాలి రానీ."

"ఒక వంతు పోద్ది మరి."

"పోనీ."

గాలి వచ్చింది. దుమ్ము పలచబడింది.
రాక్షసుడి గొంతు కింద నీలంగా కొట్టుకునే చోటు
మొదటిసారి కనపడింది.
ఈలోపు రత్నబాబు గొడ్డలి వేశాడు,
వాడు పడ్డాడు, ఆట అయిపోయింది.
నా నాలుగూ అట్లాగే ఉన్నాయి, ముట్టనివి.

చల్లారిన టీ గ్లాసులు ఎత్తి
బల్ల సర్దడానికి ఇమ్మానుయేలు అట్ట మడిచాడు.
అతను కాస్త ఆలస్యంగా చెయ్యి అడ్డం పెట్టాడు గానీ
ఆఖరుసారి నా మీద వేసిన పాచిక
వేసినచోటే ఉంది.
ఇరవై.

కిందికి దిగి స్కూటీ స్టార్ట్ చేశాను.
యార్డు నించి లారీలు పోతున్న వేళ,
రోడ్డంతా ఘాటు.
కళ్ళు తుడుచుకుని మేడ మీదికి చూశాను.
లైటు ఆపేశాడు.